బంతికి కాలు తగిలిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు కోపం పళ్ళు తోముకోకముందే వచ్చేది. నిద్ర లేచి కిటికీ తెర తీయగానే ఐర్లండులోని అత్లోన్ వాన కనిపించేది. అది మన వానలా పైనుంచి కిందికి మర్యాదగా పడే రకం కాదు, పక్కనుంచి వచ్చి చెవి మీద కొట్టే రకం. దాని మీద కోపం. వంటింట్లోకి వెళితే ప్రెస్ (ఇక్కడ వంటింటి అలమరని ప్రెస్ అంటారు, ఆ మాట మీద కూడా మొదట్లో కోపమే) తలుపు కుడిచేతివాళ్ళకి అనువుగా తెరుచుకునేది. దాని మీద కోపం. కత్తెర కుడిచేతివాళ్ళది, డబ్బా మూత కోసే పరికరం కుడిచేతివాళ్ళది, క్లాసులో రాసుకునే పలక ఉన్న కుర్చీ కుడిచేతివాళ్ళది. ఈ లోకంలోని కుడిచేతివాళ్ళందరూ ఒకచోట కూర్చుని, నన్నొక్కదాన్నీ ఏడిపించడానికే ఇవన్నీ తయారుచేశారని నా గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి ఇలాంటి నమ్మకాలు లేకపోతే ఉదయం పూట మంచం దిగడం కష్టం.

ఈ కోపానికి మూలం తెనాలిలో ఉంది. ఆ మూలం మా నాయనమ్మ. నాకు పుర్రచేతి వాటమని మూడేళ్ళకే తేలిపోయింది. పాలగ్లాసు ఎడమచేత్తో అందుకున్నానట. నాయనమ్మ దాన్ని లాక్కుని కుడిచేతిలో పెట్టింది. నేను ఎడమచేతిలోకి మార్చుకున్నాను. ఆవిడ మళ్ళీ మార్చింది. పాలన్నీ ఒలికిపోయేదాకా మేమిద్దరం మార్చుకుంటూనే ఉన్నామని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ మర్నాటి నుంచి అన్నాల వేళకి నా ఎడమచేతిని తుండుగుడ్డతో నడుముకి కట్టేసేది నాయనమ్మ. ఎవరికైనా ఏదైనా ఎడమచేత్తో ఇచ్చానో, "పుర్రచేత్తో ఇస్తే పుచ్చుకున్నవాళ్ళకి అరగదే" అని మోచేతి మీద ఒక్కటిచ్చేది (ఆవిడ మాత్రం ఏ చేత్తో పడితే ఆ చేత్తో కొట్టేది, దానికి శాస్త్రం అడ్డురాలేదు). మొత్తానికి నాకు పదేళ్ళు వచ్చేసరికి ఒక రాజీ కుదిరింది. తినడం, ఇవ్వడం, పుచ్చుకోవడం కుడిచేతి పని. రాయడం, విసరడం, అన్నయ్య వీపు మీద బాదడం ఎడమచేతి పని. ఈ పంపకంలో ఎడమచేతికే మంచి పనులు దక్కాయని నాకు లోలోపల సంతోషంగా ఉండేది.

హైస్కూల్లో మా పీఈటీ మాస్టారు ఆ విసురు చూసి నన్ను సాఫ్ట్‌బాల్ జట్టులో పడేశారు. మా ఊళ్ళో ఆ ఆట గురించి ఎవరికీ తెలియదు. అదే దాని గొప్పతనం. ఎవరూ ఆడని ఆటైతే జిల్లా జట్టులోకి తేలిగ్గా వెళ్ళిపోవచ్చని మాస్టారి లెక్క. ఆయనకి నియమాల పుస్తకం ఎంత వచ్చో నాకు తెలియదు గానీ, ఒక నియమం మాత్రం కచ్చితంగా పాటించేవారు. బంతికి కాలు తగిలితే పుస్తకానికి తగిలినట్టే. వెంటనే తీసి కళ్ళకద్దుకోవాలి. అద్దుకోకపోతే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తాలి. బంతి నేల మీద దొర్లే ఆటలో కాలు తగలకుండా ఎలా ఉంటుంది? మా ఆట మధ్యలో ఎప్పుడూ ఎవరో ఒకమ్మాయి బంతి కళ్ళకద్దుకుంటూ కనిపించేది, ఆలోగా అవతలి జట్టు ఒక పరుగు తీసేసేది. మాస్టారికి అది సమ్మతమే. పరుగులు మళ్ళీ వస్తాయి, సరస్వతి మళ్ళీ రాదు అనేవారు. ఆరేళ్ళు అలా ఆడాక ఆ అలవాటు నా ఒంట్లో తుమ్ములాగా స్థిరపడిపోయింది.

ఎమ్మెస్సీ చదవడానికి అత్లోన్ వచ్చాక, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒకావిడ ఇంట్లో గది దొరికింది, ఆవిడే నాకు వరంగల్ అక్క. అక్క ఇక్కడే మందుల కంపెనీలో పనిచేసేది, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద, నా కోపాన్ని వంటింటి పొగలాగా కిటికీ తెరిచి బయటికి పంపేసేది. రోజంతా కారాలు మిరియాలు నూరుతున్నానని, ఒక శనివారం నన్ను మనవాళ్ళు క్రికెట్ ఆడే చోటికి తీసుకెళ్ళింది. అక్కడొక అంకుల్ (ఆ జట్టుకి కెప్టెనూ, పొట్టకి యజమానీ) నన్ను ఆప్యాయంగా పలకరించి, స్కోరు రాయమని ఒక పుస్తకం ఇచ్చాడు. నేను బౌలింగ్ వేస్తానన్నాను. ఆయన నవ్వి, ముందు స్కోరు రాయమ్మా అన్నాడు. రాయడం మొదలుపెట్టాను. ఆయన పైనుంచి తొంగిచూసి, అరే పుర్రచెయ్యా, పెళ్ళివాళ్ళకి చెప్పకండి అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన బ్యాటింగుకి వెళ్ళాక, బౌండరీ దాటి నా దగ్గరికి దొర్లుకుంటూ వచ్చిన బంతిని తీసి, ఉన్నచోటి నుంచే, అంకుల్ వెనకున్న మూడు వికెట్లలో మధ్యదాన్ని పీకేశాను. ఆయన చెవికీ బంతికీ మధ్య జానెడు దూరం ఉందని నేను, బెత్తెడే ఉందని ఆయన ఇప్పటికీ వాదించుకుంటాం.

పక్క మైదానంలో పదిమంది ఐరిష్‌వాళ్ళు బేస్‌బాల్ ఆడుతున్నారు. వాళ్ళలో ఒక తెల్లజుట్టు మనిషి ఆ విసురు చూసి కంచె దగ్గరికొచ్చాడు. ఆయనే మా కోచ్. గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు (ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు), కుర్రతనంలో అమెరికా వెళ్ళి ఇళ్ళు కట్టే పనిచేస్తూ ఈ ఆట అంటించుకుని వచ్చాడు. వాన పడితే గ్రాండ్ అంటాడు (ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉందని), పడకపోతే గ్రాండ్ అంటాడు, పన్నెండు పరుగుల తేడాతో ఓడిపోతే కూడా గ్రాండ్ అని టీ పోసుకుంటాడు. అందుకని నేనూ అక్కా ఆయనకి గ్రాండ్ తాత అని పేరు పెట్టుకున్నాం. ఆయన నా చేతికేసి చూసి, నువ్వు కిటోగ్‌వన్నమాట అన్నాడు. ఐరిష్‌లో పుర్రచేతివాళ్ళని అలా అంటారట. ఇక్కడా దీనికో పేరుందా అని నేను కోప్పడబోయాను. ఆయన మాత్రం అది దొరకని సరుకని, ఎడమచేత్తో వేసేవాళ్ళ కోసం మూడేళ్ళుగా వెతుకుతున్నానని అన్నాడు. నా పుర్రచేతి కోసం ఒకరు వెతకడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

బేస్‌బాల్ క్రికెట్‌కి దూరపు చుట్టం. బంతి వేసేవాణ్ణి పిచ్చర్ అంటారు. మట్టిదిబ్బ మీద చిన్న రబ్బరు పలక ఉంటుంది, దాని మీద కాలు పెట్టి వెయ్యాలి. కొట్టినవాడు మైదానం మూలల్లో ఉన్న మూడు బేస్‌లూ దాటి, బ్యాటు పట్టిన చోటికి తిరిగొస్తే ఒక పరుగు. మొదటి పిచ్చర్ అలిసిపోతే దించేసి, పక్కన చెయ్యి ఆడించుకుంటూ ఎదురుచూసే ఇంకొకణ్ణి పంపుతారు. అలా ఎదురుచూసే చోటు పేరు బుల్‌పెన్. మా బుల్‌పెన్ ఒక రైతు పొలానికి ఆనుకుని ఉండేది. ఆవులు కంచె మీంచి తలలు పెట్టి మమ్మల్ని చూస్తూ నెమరు వేసేవి. ఆ వేసవిలో డబ్లిన్‌లో జరిగే సీజను చివరి పోటీకి బుల్‌పెన్‌లో ముగ్గురిని తీసుకెళ్ళాలి. రెండు చోట్లు ఇద్దరు పాతవాళ్ళకి ఎప్పుడో ఖాయమైపోయాయి. మిగిలింది ఒక్కటి. దాని కోసం నేనూ పోస్టుమానూ పోటీ.

పోస్టుమాన్ అంటే నిజంగా పోస్టుమానే. యాభై దాటినవాడు, కుడిచేతివాడు (మరి ఇంకేం అవుతాడు). ఆయన వేసే బంతి ఎంత నెమ్మదంటే, అది బ్యాట్స్‌మన్ దగ్గరికి చేరేలోగా మనం వాన గురించి నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చు. నా బంతి అలా కాదు, పట్టుకునేవాడు చెయ్యి విదిలించుకునేవాడు. ఇంక పోటీ ఎక్కడుంది? ఉంది. ఆయన ఒక్క ప్రాక్టీసు మానలేదు, ఒక్కసారి గొంతు పెంచలేదు, ఆయన బంతి ఎప్పుడూ ఆయన అనుకున్న చోటే పడేది. పైగా అమ్మ పంపే ఆవకాయ పార్సెల్ మా గుమ్మం దాకా మోసుకొచ్చేది ఆయనే. ఒకసారి అది కారి ఆయన సంచీ అంతా నూనైతే, పర్లేదు, వాసన బాగుందన్నాడు. అలాంటి మనిషిని మనస్ఫూర్తిగా ద్వేషించడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి. అయినా నేను శాయశక్తులా ప్రయత్నించాను.

నా లోపమేమిటో మొత్తం జట్టుకి తెలుసు. కోపం. రెండు బంతులు సరిగ్గా పడకపోతే మూడోది ఆవుల మధ్య పడేది. అంపైర్ తప్పు చెబితే అరిచేదాన్ని, ఒప్పు చెబితే ముందే చెప్పొచ్చుగా అని గొణిగేదాన్ని. ఒకసారి వాన మీద కోపంతో గ్లౌజు నేలకేసి కొట్టి, గ్లౌజుకి కాలు తగిలిందని తీసి కళ్ళకద్దుకుని, మళ్ళీ నేలకేసి కొట్టాను. గ్రాండ్ తాత అది చూసి టీ కప్పు పక్కన పెట్టాడు. తరవాత, నీ చెయ్యి గ్రాండ్, తలకాయతోనే చిక్కు అన్నాడు. ఇంటికెళ్ళి వరంగల్ అక్కకి చెబితే, పప్పు తాలింపు వేస్తూ, "గాయిన జెప్పింది నిజమేనే. ఆట ఆడవోతున్నవా, కొట్లాటకి వోతున్నవా? గా పోస్టుమాన్ ఏం జేసిండు నిన్ను?" అంది. ఆయన ఏమీ చెయ్యకపోవడమే నా బాధ అన్నాను. అక్క తాలింపు గరిటె నాకేసి చూపించి, ఆ చోటు దక్కకపోతే ఇంట్లో ఏమేం పగలగొడతావో ముందే చెప్పు, గాజుగిన్నెలు దాచిపెట్టుకుంటానంది.

అక్క వేళాకోళానికే అంది గానీ, ఆ చోటు నాకెంత కావాలో నాకు తెలుసు. డబ్లిన్‌లో ఆడితే నాకేదో పేరొస్తుందని కాదు. ఇరవయ్యేళ్ళుగా తుండుగుడ్డతో కట్టిన చెయ్యిది. అన్నం దగ్గర పనికిరాదు, పేరంటంలో పనికిరాదు, పెళ్ళివాళ్ళకి చెప్పకూడదు. ఒక్కచోట, ఒక్క పనికి, ఇదే చెయ్యి కావాలని ఎవరైనా కాగితం మీద రాసి అంటిస్తే చూడాలని ఉండేది. ఆ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు. చెప్పడం చేతకాక అందరి మీదా అరిచాను.

ఆఖరి ఆదివారం లిమరిక్ జట్టు మా ఊరొచ్చింది. ఆటకి ముందే గ్రాండ్ తాత మా ఇద్దరినీ పిలిచి, చివరికి వచ్చేసరికి ఇద్దరికీ చెరో ఇన్నింగ్స్ ఇస్తాననీ, అది చూసి సాయంత్రం జాబితా రాస్తాననీ చెప్పాడు. అక్క పులిహోర డబ్బాతో, గొడుగుతో వచ్చి కంచె పక్కన మడతకుర్చీ వేసుకుంది. ముందు పోస్టుమాన్ వేశాడు. ఒక పరుగిచ్చాడు. ఒక్క పరుగే. ఆ పని అయిపోయాక ఆయన్ని దూరంగా ఫీల్డింగుకి పంపి, ఆఖరి ఇన్నింగ్స్‌కి నన్ను పిలిచారు. మేము ఒక పరుగు ముందున్నాం. ముగ్గుర్ని ఔట్ చేస్తే ఆట మాది, చోటు నాది. మొదటివాణ్ణి మూడు బంతుల్లో పంపించాను. రెండోవాడు గాల్లోకి కొట్టి దొరికిపోయాడు. మూడోవాడు బ్యాటు అంచుతో ఎలాగో తగిలించి మొదటి బేస్ చేరుకున్నాడు, మావాడు ఆ బంతిని అడ్డదిడ్డంగా విసిరితే మూడో బేస్ దాకా వెళ్ళిపోయాడు (అది మావాడి తప్పు, నాది కాదు, ఈ సంగతి స్కోరు పుస్తకంలో కూడా ఉంది). ఇంక ఒక్కడు మిగిలాడు. వాడికీ రెండు స్ట్రయికులు అయిపోయాయి (బంతి తప్పితే స్ట్రయికు, మూడైతే ఔట్). ఒక్క బంతి. చేతికందిన ముద్ద అంటారే, అది.

అప్పుడు బ్యాటు వెనక బంతి పట్టే మా క్యాచర్ దాన్ని తిరిగి నాకు విసిరాడు. తడి బంతి, జారిపోయి నా ముందు పడింది. ఆపడానికి కాలు పెట్టాను. మేకుల బూటు, దాని కింద బంతి. నాకు క్యాచర్ మీద ఒళ్ళు మండింది. ఒక బంతి సరిగ్గా విసరడం రాదు, వీడికి డబ్లిన్ చోటు ముందే ఇచ్చేశారు అనుకుంటూ, బంతి తీసి, పంట్లానికి తుడిచి, విసవిసా వెళ్ళి రబ్బరు పలక మీద కాలు పెట్టాను. రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడ్డాను. అక్కడి నుంచి ఇక నియమం ఒకటే. బేస్ మీద అవతలివాడుండగా పిచ్చర్ అలా సిద్ధపడి నిలబడ్డాక, బంతి వెయ్యాలి, లేకపోతే పలక మీంచి వెనక్కి దిగాలి. మధ్యలో ఇంకేం చేసినా తప్పు కిందే లెక్క, బేస్ మీదున్నవాడు దర్జాగా ఒక బేస్ ముందుకి నడిచిపోతాడు. మూడో బేస్ మీదున్నవాడైతే పరుగే. ఇదంతా నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మూడో బేస్ వైపు చూశాను. దాని వెనకే కంచె, కంచె పక్కన వరంగల్ అక్క. అక్క గొడుగు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఒళ్ళో ఉన్న పులిహోర డబ్బా మీంచి ఎత్తి, తన కళ్ళకద్దుకుంటోంది. నా కాలు బంతికి తగలడం చూసింది పాపం. అలవాటు కొద్దీ నా తరఫున తను అద్దుకుంటోంది. అంతే. నా ఎడమచెయ్యి గ్లౌజులోంచి బంతితో సహా బయటికొచ్చింది. నేను చెప్పలేదు, అదే వచ్చింది. వచ్చి, కుడికన్నుకి ఒకసారి, ఎడమకన్నుకి ఒకసారి బంతిని అద్దింది. నేను కళ్ళు తెరిచేసరికి అంపైర్ చేతులు పైకెత్తి అరుస్తున్నాడు. మూడో బేస్ మీదివాడు నవ్వుకుంటూ నడుచుకుంటూ నా ముందు నుంచే వెళ్ళి పరుగు తీసుకున్నాడు. స్కోరు సమానమైంది. అయ్యో బంతి చాలా మురికిగా ఉంది అని నాకు అప్పుడు తెలిసింది, ఎందుకంటే అదంతా నా కనుబొమల మీదుంది.

గ్రాండ్ తాత మెల్లగా దిబ్బ దగ్గరికి నడిచొచ్చాడు. కోచ్ అలా వచ్చి చెయ్యి చాపితే పిచ్చర్ బంతి ఇచ్చేసి దిగిపోవాలి. ఆయన చెయ్యి చాపాడు. బంతి నా ఎడమచేతిలో ఉంది. కుడిచేతికి గ్లౌజుంది. నాకు ఆయన మీద కోపం, అక్క మీద కోపం, క్యాచర్ మీద, అంపైర్ మీద, కంచె మీంచి చూస్తున్న ఆవుల మీద కోపం. ఆ బంతిని లిమరిక్ దాకా విసిరేయాలనుంది. కానీ ఆయన తెల్లజుట్టు మనిషి, పెద్దాయన. చెయ్యి చాపి నిలబడ్డాడు. నేను గ్లౌజు తాడు పళ్ళతో పట్టుకుని లాగాను. తడికి బిగుసుకుపోయింది, రాలేదు. మళ్ళీ లాగాను. రెండు జట్లూ చూస్తున్నాయి. ఎట్టకేలకు ఊడొచ్చిన గ్లౌజుని చంకలో ఇరికించుకుని, బంతిని కుడిచేతిలోకి మార్చుకుని, ఆయన అరచేతిలో పెట్టాను.

ఏం చేస్తున్నావని అడిగాడు ఆయన. నాకు ఏడుపూ అరుపూ కలిసొచ్చాయి. "పెద్దవాళ్ళకి ఎడమచేత్తో ఇవ్వకూడదు. మీ మీద నాకు పీకల దాకా కోపంగా ఉంది, అయినా సరే ఇవ్వకూడదు" అన్నాను. కాలు తగలడం గురించీ, కళ్ళకద్దుకోవడం గురించీ, తుండుగుడ్డ గురించీ ఒకే ఊపిరిలో చెప్పేశాను. అంపైర్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఆయన అన్నీ విని, తన ఎడమచెయ్యి ఒకసారి తెరిచి మూసి, బళ్ళో మాస్టారు దాన్ని నాలుగేళ్ళు తోలుబెల్టుతో బల్లకి కట్టారని చెప్పాడు. "నాది మళ్ళీ తిరిగి రాలేదు. ఇప్పటికీ కుడిచేత్తోనే రాస్తాను, నా రాత నాకే అర్థం కాదు" అన్నాడు. తరవాత, కళ్ళకద్దుకోవడం తప్పు కాదనీ, ముందు పలక మీంచి కాలు తీసి, వెనక్కి దిగి, ఎంతసేపు కావాలంటే అంతసేపు అద్దుకోమనీ, నియమాల్లో దానికి అడ్డేమీ లేదనీ చెప్పి, వెళ్ళి కూర్చోమన్నాడు. గ్రాండ్ అనలేదు. ఆయన ఆ మాట అనకపోవడం నేను వినడం అదే మొదలు.

పోస్టుమాన్ దూరం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒక్క బంతి వేశాడు. ఎప్పటిలాగే నెమ్మదిగా. బ్యాట్స్‌మన్ దాని కోసం ఎదురుచూసి ఎదురుచూసి తొందరపడి గాల్లోకి లేపాడు, దొరికిపోయాడు. తరవాత మా బ్యాటింగులో ఒక పరుగొచ్చింది, మేం గెలిచాం. ఆ గెలుపు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఓడిపోయి ఉంటే కనీసం నలుగురితో కలిసి ఏడ్చేదాన్ని. అందరూ కావలించుకుంటుంటే నేనొక్కదాన్నీ కంచె దగ్గర నిలబడి అక్క డబ్బాలోని పులిహోర కసికసిగా తిన్నాను, కుడిచేత్తో. గ్రాండ్ తాత కారు వెనకద్దానికి జాబితా అంటించాడు. వంకరటింకర అక్షరాలు, కోడి కెలికినట్టున్నాయి. అయినా పోస్టుమాన్ పేరు చదవడానికి ఇబ్బంది కాలేదు. ఆయన నా దగ్గరికొచ్చి, ఆ చోటు నీదే అయ్యుండాల్సింది అన్నాడు. ఆ మంచితనంతో నా కోపానికి ఉన్న ఒక్క ఆసరా కూడా పోయింది.

ఇంటికొచ్చేదాకా కార్లో అక్కకి వీపు పెట్టి కిటికీకేసి తిరిగి కూర్చున్నాను. అక్క స్టీరింగు తిప్పుతూ, "నాకేం తెల్సే, గట్ల నిలవడ్డంక కదలొద్దని? కాలు తగిలె, కండ్లకద్దుకున్న. నీకు జెప్పలే గద, నేను అద్దుకున్న" అంది. అది నిజం. నిజం చెప్పేవాళ్ళ మీద ఎంతసేపు కోప్పడతాం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, గదిలోకెళ్ళి తలుపేసుకుని తెనాలికి వీడియో కాల్ చేశాను. అక్కడ భోజనాలై నాయనమ్మ తమలపాకులు తుడుచుకుంటోంది. జరిగిందంతా చెప్పి, ఇదంతా నీ వల్లే అన్నాను. నువ్వు నా చెయ్యి కట్టేయకపోతే, కాలు తగిలితే కొంప మునిగినట్టు మమ్మల్నందర్నీ పెంచకపోతే ఆ చోటు నాకొచ్చేది అన్నాను. జీవితంలో ఆవిడ మీద అంత గొంతెత్తింది లేదు. నాయనమ్మ ఆకు తుడవడం ఆపి శ్రద్ధగా విన్నది.

"బంతికి కాలు తగిలిందా?" అని అడిగింది. తగిలిందన్నాను. "మరి కళ్ళకద్దుకున్నావుగా. మంచిపనే చేశావు" అంది. మంచిపని చేస్తే చోటెందుకు పోయింది అన్నాను పళ్ళు కొరుకుతూ. నాయనమ్మ ఆకు పక్కన పెట్టింది. ఫోన్‌కి బాగా దగ్గరగా వచ్చింది, ముక్కూ ముక్కుపుడకా తప్ప ఏమీ కనిపించలేదు. "ఏ చేత్తో అద్దుకున్నావే?" అంది.

నేను నా ఎడమచేతికేసి చూసుకున్నాను.

"అదీ సంగతి" అని నాయనమ్మ ఆకు మడుచుకుని నోట్లో పెట్టుకుంది.

నేను ఫోన్ మంచం మీదికి విసిరేశాను (ఎడమచేత్తోనే, ఎక్కడ పడాలో అక్కడే పడింది). వంటింట్లోకెళ్ళి అక్కకి చెబితే, అక్క నవ్వాపుకోలేక స్టౌ ఆపేసి, ప్రెస్ తలుపు పట్టుకుని కింద కూర్చుంది. నాకు నవ్వు రాలేదు. నాకు నవ్వు రావడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ మరుసటి వేసవి డబ్లిన్ జాబితాలో మూడో పేరు నాదే. అదే కోడిగీతల్లో, కాకపోతే పేరు పక్కన బ్రాకెట్లో కిటోగ్ అని కూడా రాశాడు గ్రాండ్ తాత. ఆ అక్షరాలు మిగతావాటికంటే ఇంకా వంకరగా ఉన్నాయి, కాగితం మీద సిరా కూడా పులుముకుపోయింది. అదెందుకని అడిగితే, చాలాకాలం తరవాత ఆ చేత్తో రాశానన్నాడు. ఆ ఒక్క కాగితం మీద మాత్రం నాకు ఎప్పుడూ కోపం రాలేదు.

ఇప్పుడు నేనూ అక్క పనిచేసే కంపెనీలోనే పనిచేస్తున్నాను. వాన అలాగే చెవి మీద కొడుతోంది. ఆదివారాలు ఇంకా ఆడతాను. బంతికి కాలు తగిలితే పలక మీంచి వెనక్కి దిగి, గ్లౌజు ఊడదీసి, కుడిచేత్తో కళ్ళకద్దుకుంటాను. ఇక్కడి అంపైర్లందరికీ ఈ సంగతి తెలుసు, ఆలోగా వాళ్ళు టీ తాగుతారు. పోస్టుమాన్ మోకాళ్ళ నొప్పులొచ్చి ఆట మానేశాడు గానీ ఆవకాయ మాత్రం తెస్తూనే ఉన్నాడు. ఒక్కోసారి ఆ దిబ్బ మీద నిలబడ్డప్పుడు, కనుబొమలకి బురదతో, చంకలో గ్లౌజుతో, లోకం మొత్తం మీద కోపంగా ఉన్న ఆ పిల్ల గుర్తొస్తుంది. ఎదురుపడితే దానికి ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది. కోపం తెచ్చుకో అమ్మాయ్, నీకు కోపం రావడంలో తప్పులేదు, ముందు పలక మీంచి కాలు తియ్యి. చెప్పినా వినదనుకోండి. పైగా చెప్పడానికి నువ్వెవరివి అని నా మీద కూడా ఒక్కటి విసురుతుంది. విసిరితే విసరనీ, ఆ విసురు ఇంకొక్కసారి చూస్తాను, ఇప్పుడది నా దగ్గర లేదు.